అమెరికా సుంకం చివరికి ఎవరి నెత్తిన పడింది? రొయ్య, పత్తి, పామాయిల్ రైతుల మాట

ఉండి రైతు | 27 సెప్టెంబర్ 2025

అందరికీ నమస్కారమండి. మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఉండి పక్కన. వనామీ రకం రొయ్యల చెరువులు కొన్ని సొంతవి, కొన్ని లీజువి. ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లిన దగ్గర్నుంచి టీవీలో రోజూ ఇదే చర్చ. ఒకాయన "సుంకం కట్టేది అమెరికా దిగుమతిదారే, ధరలు పెరిగి ఏడ్చేది అమెరికా జనమే" అంటాడు. భారమంతా వాళ్లదే అయితే మరి నా గట్టు మీద కిలోకి ముప్పై, నలభై రూపాయలు ఎందుకు తగ్గింది? అదీ అమెరికా వెళ్లే 30, 40 కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయో ఆ లెక్క) పెద్ద రొయ్యకే దెబ్బ ఎక్కువ. ఏజెంటుని అడిగితే "ప్రాసెసింగ్ ప్లాంటు వాళ్లు కొనట్లేదండి" అంటాడు తప్ప ఇంకో ముక్క చెప్పడు.

ఈ ఏడాది వరస చూడండి. ఏప్రిల్ 2న 26 శాతం అని ప్రకటించారు, వెంటనే ఇక్కడ రేటు పడింది. వారం తిరిగేసరికి 90 రోజులు వాయిదా, అప్పటిదాకా 10 శాతమే అన్నారు. ప్లాంట్లు మళ్లీ ఎగబడి కొన్నాయి. ఆగస్టు 7 నుంచి 25 శాతం. ఆగస్టు 27 నుంచి, రష్యా చమురు కొంటున్నామని, ఇంకో 25. పంట చేతికి రావాలంటే మూడున్నర, నాలుగు నెలలు పడుతుంది. సీడ్, అంటే రొయ్య పిల్లలు, వదిలిన రోజున్న సుంకం రొయ్యలు పట్టే నాటికి లేదు. ఇలాగైతే లెక్క ఎలా వేసుకోవాలి? రాజకీయం వద్దండి. డబ్బు ఏ చేతి నుంచి ఏ చేతికి మారుతోందో తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

ఎగుమతి లెక్కలు | 27 సెప్టెంబర్

రైతు గారూ, నేను విశాఖలో ఒక ప్లాంటులో ఎగుమతి బిల్లులు చూస్తాను. టీవీలో ఆయన అన్నది కాగితం మీద నిజమే. అమెరికా రేవులో కస్టమ్స్‌కి డబ్బు కట్టేది అక్కడి దిగుమతిదారే. కానీ మన రొయ్యల్లో చాలా సరుకు "డెలివర్డ్ డ్యూటీ పెయిడ్" పద్ధతిలో పోతుంది. కొన్నవాడి గోడౌన్ తలుపు దాకా అయ్యే ఖర్చంతా, సుంకంతో సహా, అమ్మేవాడిదే. అంటే దిగుమతిదారు పేరుతో కట్టే డబ్బు కూడా తిరిగి తిరిగి ఇక్కడి ఎగుమతిదారు జేబులోంచే పోతుంది.

పైగా 50 ఒక్కటే కాదు. 2024 చివర్లో, మన ప్రభుత్వం రొయ్యలకి రాయితీలిస్తోందంటూ వేసిన కౌంటర్‌వైలింగ్ డ్యూటీ 5.77 శాతం. మరీ చవగ్గా అమ్ముతున్నామంటూ ఎప్పటినుంచో వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం 2.49. మొత్తం 58.26. లక్ష డాలర్ల సరుకున్న కంటైనర్ అనుకోండి, సుంకమే 58 వేల డాలర్లు దాటుతుంది. అదే లక్ష డాలర్ల సరుకు ఈక్వెడార్ నుంచి వెళ్తే 15 శాతానికి కౌంటర్‌వైలింగ్ డ్యూటీ 3.78 కలిపి 19 వేల లోపే. ఇండోనేషియాకి 19, దానిపైన యాంటీ డంపింగ్ 3.9.

అసలు దెబ్బ ఈ తేడాలోనే ఉంది. అందరికీ ఒకేలా 50 వేసి ఉంటే అమెరికాలో రొయ్య ధర పెరిగేది, భారం అందరం తలా కొంత మోసేవాళ్లం. మనకొక్కరికే దాదాపు 40 శాతం ఎక్కువ వేస్తే అక్కడి కొనుగోలుదారు మనతో బేరం కూడా ఆడడు, ఈక్వెడార్‌కి ఫోన్ చేస్తాడు. ఆ ఆర్డర్ పోకూడదంటే మా ప్లాంటు రేటు తగ్గించాలి. ఆ తగ్గింపు ఎక్కడ రాబట్టుకుంటుంది? ఓడ కిరాయి మా చేతిలో లేదు, ప్యాకింగ్ రుణం మీద బ్యాంకు వడ్డీ తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు. ఇక మిగిలింది చెరువు గట్టు రేటే. దాన్నే తగ్గిస్తారు. నేను ఉద్యోగం చేసే చోటే ఇది జరుగుతోంది, దాచి చెప్పడం నాకిష్టం లేదు.

హ్యూస్టన్ తెలుగు | 28 సెప్టెంబర్

ఇక్కడ అమెరికాలో దుకాణం సంగతి చెప్తాను. మేం ఎప్పుడూ కొనే రెండు పౌన్ల ఫ్రోజెన్ సంచి వెనక, చిన్న అక్షరాల్లో "ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా" అని ఉండేది. ఈ నెల కొన్న సంచి బొమ్మ అదే, బ్రాండు అదే, తిప్పి చూస్తే ఈక్వెడార్ అని ఉంది. రంగు, పరిమాణం ఏమీ తేడా లేవు. వినియోగదారుడికి దేశం మారిన సంగతే తెలియదు.

ఇక్కడి రొయ్యల వేటగాళ్ల బాధ కూడా చెప్పాలి. గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలో టెక్సాస్, లూసియానాల్లో తరతరాలుగా పడవల మీద రొయ్యలు పట్టే కుటుంబాలున్నాయి. వాళ్లలో వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది. డీజిల్ ఖర్చు పెరిగి, రేవులో రేటు పడిపోయి పడవలు కట్టేసుకున్నారు. చెరువుల్లో పెరిగిన చవక రొయ్య వాళ్ల బతుకు దెబ్బతీసిందన్నది అబద్ధం కాదు. అయితే అమెరికా తినే రొయ్యల్లో తొంభై శాతానికి పైగా దిగుమతే. సముద్రంలో పట్టే రొయ్యని సుంకం పెంచినంత మాత్రాన రెట్టింపు చేయలేరు కదా. భారత్ ఖాళీ చేసిన చోటు లూసియానా పడవకి ఎంత దక్కుతుందో తెలియదు గానీ, మా వీధి దుకాణంలో మాత్రం ఆ చోటు ఈక్వెడార్‌కే దక్కింది.

ఎకనామిక్స్ మాస్టారు | 28 సెప్టెంబర్

హ్యూస్టన్ మిత్రులు గల్ఫ్ వేటగాళ్ల మాటెత్తారు కాబట్టి ఇరవై ఏళ్ల వెనక్కి వెళ్లాలి. ఈ కథ ట్రంప్‌తో మొదలు కాలేదు.

2003 డిసెంబర్ 31న ఆ దక్షిణ తీరపు రొయ్యల పరిశ్రమ తరఫున అమెరికా ప్రభుత్వానికి ఫిర్యాదు అందింది. బ్రెజిల్, చైనా, ఈక్వెడార్, భారత్, థాయిలాండ్, వియత్నాం దేశాలు న్యాయమైన ధరకన్నా తక్కువకి రొయ్యలు గుమ్మరిస్తున్నాయని ఆరోపణ. 2005 ఫిబ్రవరిలో యాంటీ డంపింగ్ సుంకాలు పడ్డాయి. మన ఎగుమతిదారుల్లో ఎక్కువమందికి 10.17 శాతం. అప్పట్లో మన దగ్గర టైగర్ రొయ్య, వనామీ ఇంకా రాలేదు. దానికి అనుమతి దొరికింది 2009లో.

ఆ సుంకం లెక్క కట్టే తీరు చూడండి. ఒక కంపెనీ అమ్మకాల్లో కొన్ని "న్యాయమైన ధర" కన్నా తక్కువకి, కొన్ని ఎక్కువకి జరుగుతాయి. సగటు తీస్తే ఒకదానికొకటి సరిపోవచ్చు. అమెరికా అధికారులు ఎక్కువకి అమ్మినవాటిని సున్నాగా రాసి, తక్కువకి అమ్మినవి మాత్రమే లెక్కలోకి తీసుకునేవారు. ఈ పద్ధతిని జీరోయింగ్ అంటారు. ఇలా చేస్తే ఎవరైనా దొంగగా తేలతారు. ఈక్వెడార్ దీని మీద ప్రపంచ వాణిజ్య సంస్థ, అంటే డబ్ల్యూటీవోకి వెళ్లి 2007లో గెలిచింది, దాని మీద సుంకం ఎత్తేశారు. ఈ పద్ధతిని జీరోయింగ్ అంటారు.

ఇంకో సంగతి. 2000లో చేసిన బర్డ్ సవరణ అనే చట్టం ప్రకారం, వసూలైన యాంటీ డంపింగ్ డబ్బుని ఫిర్యాదు చేసిన కంపెనీలకే పంచిపెట్టేవారు. ఫిర్యాదు చేస్తే పోటీదారుడికి దెబ్బ, చేతికి డబ్బు. 2003లోనే డబ్ల్యూటీవో అది తప్పని తేల్చినా, 2006లో రద్దయ్యాక కూడా 2007 అక్టోబర్ దాకా వచ్చిన సరుకు మీద పంపకం ఆగలేదు. రొయ్యల దిగుమతి మీద ప్రత్యేకంగా మోపిన భారీ కస్టమ్స్ బాండ్ (సుంకానికి ముందే ఇచ్చే హామీ) నిబంధన మీద మనం కూడా కేసు వేశాం, 2008లో అప్పీలు స్థాయిలో మనవైపే తీర్పొచ్చింది.

అప్పుడు కనీసం తలుపు తట్టడానికి ఒక కోర్టు ఉంది. ఆలస్యంగానైనా ఈక్వెడార్ లాంటి చిన్న దేశం అమెరికా మీద గెలిచింది. బ్రెజిల్ పత్తి సబ్సిడీల కేసులో గెలిచింది. ఇప్పుడు డబ్ల్యూటీవో అప్పీలు మండలికి సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబర్ నుంచి అది పనిచేయడం లేదు. సుంకం 10 అయినా, 50 అయినా అంకె గురించే అందరూ మాట్లాడుతున్నారు. నాకు అంతకన్నా భయం కలిగించేది, ఆ అంకెని ప్రశ్నించే చోటు లేకపోవడం. బలవంతుడికి కోర్టు లేకపోయినా నడుస్తుంది. ఆఫ్రికాలోని లెసోతో లాంటి దేశానికి నడవదు. అమెరికాకి జీన్స్ కుట్టి బతికే ఆ చిన్న దేశం మీద ఏప్రిల్‌లో 50 శాతం అన్నారు, తర్వాత 15కి తగ్గించారు. మధ్యలో ఆర్డర్లు ఆగి మిల్లులు పనివాళ్లని పంపించేశాయి. సుంకం తగ్గినంత తేలిగ్గా ఆ ఉద్యోగాలు వెనక్కి రావు.

ఉండి రైతు | 28 సెప్టెంబర్

మాస్టారూ, 2005 సుంకం నాకు తెలుసు గానీ వెనక ఇంత కథ ఉందని తెలియదు. ధన్యవాదాలండి.

అశ్వారావుపేట గెలలు | 29 సెప్టెంబర్

అందరూ సుంకం అంటే పాపం అన్నట్టే రాస్తున్నారు. నాది వేరే మాట. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, పామాయిల్ తోట. 2024 సెప్టెంబర్ 14న కేంద్రం ముడి పామాయిల్ దిగుమతి మీద అసలు సుంకాన్ని సున్నా నుంచి 20 శాతం చేసింది. సెస్సులతో కలిపి 27.5. అప్పటిదాకా టన్ను గెలల ధర 14 వేల పైచిలుకు ఉండేది. కొన్ని నెలల్లోనే 20 వేలు దాటింది. మొక్క నాటి నాలుగేళ్లు కాపు కోసం ఎదురుచూసిన రైతు మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు.

ఈ మే నెలాఖరున అదే సుంకాన్ని 10కి తగ్గించారు. గెలల ధర మళ్లీ కిందికి. కారణం, పట్నాల్లో వంట నూనె ధర. వాళ్ల వంటింటి కష్టం నాకు అర్థమవుతుంది. కానీ మలేషియా, ఇండోనేషియాల్లో వేల ఎకరాల కంపెనీ తోటలతో, పదెకరాల నేను ఏ రక్షణా లేకుండా పోటీ పడాలా? 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులే ఆపేసింది, మూడు వారాలకు పైగా. ఆ రోజు నూనె కోసం మన దేశం ఎంత తల్లడిల్లిందో మరిచిపోయారా? సొంత పంట ఉండాలంటే దానికి కంచె వేయాలి. సుంకమే ఆ కంచె.

శ్రీసిటీ | 29 సెప్టెంబర్

అశ్వారావుపేట అన్నతో ఏకీభవిస్తాను. నేను తిరుపతి జిల్లాలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేస్తున్నా. 2017 చివర్లో, 2018 మొదట్లో సెల్‌ఫోన్ల దిగుమతి సుంకాన్ని 20 శాతం దాకా పెంచి ఉండకపోతే ఇన్ని ఫోన్లు ఇక్కడ తయారయ్యేవి కావు. 2024లో దాన్ని 15కి తగ్గించారు కూడా. అంటే పసి పరిశ్రమ నిలదొక్కుకున్నాక మెల్లగా కంచె తీస్తున్నారు. అలా తీసే తేదీ ముందే ఉంటే రక్షణ మంచిదే అంటాను.

అయితే మాస్టారు చెప్పినదానికి ఒకటి కలపాలి. 50 శాతం సుంకంలో స్మార్ట్‌ఫోన్లు లేవు. ఏప్రిల్ 11నే వాటిని మినహాయించారు. హైదరాబాద్ నుంచి వెళ్లే జనరిక్ మందులూ ఈ జాబితాలో లేవు. వాటి ధర పెరిగితే అమెరికా వాడికే నొప్పి. ఫోన్ కంపెనీలకి వాషింగ్టన్‌లో మాట చెల్లుతుంది. రొయ్య, బట్ట, తివాచీ, నగలు, అంటే ఎక్కువమంది చేతుల మీద నడిచే పనులే పూర్తి సుంకం కింద ఇరుక్కున్నాయి.

ఆదిలాబాద్ పత్తి | 1 అక్టోబర్

మీ రొయ్యల లెక్క సమజైంది అన్నా. ఇప్పుడు మా పత్తి ముచ్చట ఇనుండ్రి. అమెరికా సుంకం ఏసింది తిరుపూరు బట్టల మీద. దెబ్బ మాత్రం ఆదిలాబాద్ చేన్ల పడ్డది.

ఎట్లంటే, బట్టల ఆర్డర్లు పోతున్నయని మిల్లులోళ్లు కేంద్రం కాడికి పోయిన్రు. మాకు పత్తి చవుకగ దొరకాలె అన్నరు. కేంద్రం ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం తీసేసింది. ముందుగాల సెప్టెంబర్ 30 దాంక అన్నరు. పది రోజులు గాకముందే డిసెంబర్ 31 దాంక పొడిగిచ్చిన్రు. మా పత్తి మార్కెట్‌కు వచ్చేది ఎప్పుడు? దసరా నుంచి సంక్రాంతి దాంక. సరిగ్గ గా నెలల్ల గేట్లు తెరిచిన్రు. మేం విత్తనం పెట్టింది జూన్ల. అప్పుడు సుంకం ఉండె. గా సుంకం ఉంటదనే నమ్మకంతోనే ఎకరానికి గింత పెట్టుబడి పెట్టినం.

మద్దతు ధర పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 అని మస్తు చెప్తరు. కేంద్రం తరఫున పత్తి కొనే సీసీఐ కాడికి తీస్కపోతే తేమ మిషన్ పెడ్తరు. తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే అసలు కొనరు. ఈసారి వానలకు పత్తి తడిసింది. ఇంట్ల ఆరబెట్టుకునే జాగ ఉన్నోడు ఆగుతడు. లేనోడు ప్రైవేటు వ్యాపారికి ఇచ్చి ఇంటికొస్తడు. గా వ్యాపారి ముందుగాల్నే అంటడు, "బయటి నుంచి పత్తి వస్తున్నది, నీకు గంత ఎట్ల ఇస్త?"

అమెరికాల ఒకాయన సంతకం పెడితే, ఢిల్లీల ఒక సుంకం తీసేస్తే, రెండు సంతకాల బరువు గూడ మా నెత్తి మీదనే.

ఎకనామిక్స్ మాస్టారు | 1 అక్టోబర్

ఆదిలాబాద్ తమ్ముడు రాసింది రెండుసార్లు చదివాను. ఉండి రైతు గారు మొదట అడిగిన ప్రశ్నకి నా సమాధానం ఇందులోనే ఉంది. సుంకం ఎవరి పేరు మీద పడిందన్నది ముఖ్యం కాదు. ఆ గొలుసులో ఆగలేనివాడు ఎవడో అతని మీద భారం పడుతుంది. అమెరికా సూపర్‌మార్కెట్ ఆగగలదు, వేరే దేశం నుంచి కొనగలదు. ప్లాంటు కొంతకాలం కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకోగలదు. మిల్లు ఢిల్లీ వెళ్లి అడగగలదు. చెరువులో రొయ్య, ఇంట్లో తడి పత్తి ఆగవు.

ఉండి రైతు | 2 అక్టోబర్

ఆగవు అన్నారే, అదెలా ఉంటుందో ఆక్వా తెలియనివాళ్లకి చెప్తాను. 40 కౌంట్‌కి వచ్చిన రొయ్యంటే ఒక్కోటి పాతిక గ్రాములు. రేటు లేదని పదిహేను రోజులు ఆపామనుకోండి. ప్రతి పూటా మేత వేయాలి. బరువు పెరిగినకొద్దీ ఆక్సిజన్ ఎక్కువ కావాలి, రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరగాలి. ఆక్వా జోన్‌లో ఉన్న చెరువుకి కరెంటు యూనిట్ రూపాయిన్నర, లేనివాడికి ఇంకా ఎక్కువ. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయి జనరేటర్ స్టార్ట్ కాకపోతే సూర్యుడు వచ్చేసరికి రొయ్యలన్నీ నీటిపైకి తేలతాయి. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తినప్పుడు రొయ్య మీద ఒక్క తెల్ల మచ్చ (వైట్ స్పాట్ జబ్బు గుర్తు) కనపడితే చాలు, ఆ రోజే వలేసి, వచ్చిన రేటుకి ఇచ్చేయాలి. ఏజెంటుకి ఇదంతా తెలుసు. అందుకే ఫోన్ ఎత్తడానికి తొందరపడడు.

ఇక మన సుంకాల సంగతి కూడా ఒకటి అడగాలి. మేతలో సోయా పిండి ముఖ్యం. 2021లో దాని ధర ఆకాశానికెక్కితే, ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి అనుమతిచ్చారు. తర్వాత మళ్లీ తలుపు మూసుకుంది. బయటి నుంచి తెచ్చుకోనిస్తే మేత బస్తా మీద కొంతైనా తగ్గేది. మా ఖర్చులో సగానికి పైగా మేతే. ఈక్వెడార్ వాడితో పోటీ పడమంటే ముందు ఇది చూడాలి కదండీ?

ఆదిలాబాద్ పత్తి | 2 అక్టోబర్

అన్నా, ఏమనుకోవద్దు. సోయా పండిచ్చేది గూడ మేమే. తెలంగాణల సోయా అంటే ఆదిలాబాదే. ఈసారి మద్దతు ధర 5,328. మార్కెట్‌ల అంత పలుకుతలేదు. మీ మేత చవుకగ కావాలంటే మా సోయా ధర ఇంకా పడాలె. మిల్లులోళ్లు మా పత్తికి చేసిందే మీరు మా సోయాకు చేయమంటున్నరు.

ఉండి రైతు | 2 అక్టోబర్

తమ్ముడూ, నువ్వన్నది నిజమే. దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. నీ ధర తగ్గించి నేను బాగుపడాలని మాత్రం అనుకోను.

కాకినాడ సుజాత | 4 అక్టోబర్

ఇంతసేపూ చెరువు, చేను మాటే వచ్చింది. మా అమ్మ రొయ్యలు ఒలిచే పీలింగ్ షెడ్‌లో పనిచేస్తుంది, ఆ మాట కూడా రాయాలనిపించింది. మన దేశం అమెరికాకి అమ్మేది ఎక్కువగా తల తీసి, పొట్టు ఒలిచి, వీపు మీది నరం తీసిన రొయ్య. ఈక్వెడార్ చైనాకి పంపేది తలతో ఉన్న నిండు రొయ్య. మన దగ్గర ఒలిచే చేతులు చవక కాబట్టే అమెరికా మార్కెట్ మనదైంది. ఆ చేతులు దాదాపు అన్నీ ఆడవాళ్లవే. ఐసు నీళ్లలో గంటల తరబడి నిలబడి ఒలుస్తారు. కిలో లెక్కన కూలి. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ వేళ్లు తెల్లగా, ముడతలు పడి ఉంటాయి. గ్లాసు కూడా గట్టిగా పట్టుకోలేదు.

ఆగస్టు దాకా వారమంతా పనుండేది. గడువులోపు ఓడెక్కించాలని రాత్రి షిఫ్టులు కూడా నడిపారు. ఆగస్టు 27కి ముందు ఓడెక్కి సెప్టెంబర్ 17లోపు అక్కడ దిగిన సరుకుకి అదనపు 25 ఉండదని అన్నారట. ఆ తర్వాత కూలీలని తీసుకెళ్లే వ్యాన్ రావడం తగ్గింది. పని ఉన్న రోజు పొద్దున్నే ఫోన్ వస్తుంది, లేకపోతే లేదు.

అందరూ "చైనాకి అమ్ముదాం" అంటున్నారు. చైనాకి తలతోనే కావాలి. చెరువు రైతుకి అది దారే, కాదనను. ఒలిచే పని మాత్రం అక్కడితో పోతుంది. ప్రభుత్వానికి రాసే అర్జీల్లో ఎగుమతిదారుల వడ్డీ మాట ఉంటోంది, రైతు రేటు మాట ఉంటోంది. షెడ్డు కూలీ మాట నేనెక్కడా చూడలేదు.

ఎగుమతి లెక్కలు | 5 అక్టోబర్

సుజాత గారూ, మీరన్నది అక్షరాలా నిజం. మా లెక్కల్లో పీలింగ్ ఖర్చు "ప్రాసెసింగ్" అనే ఒక్క వరసలో ఉంటుంది. ఆర్డర్ తగ్గితే ముందు తగ్గేది ఆ వరసే.

వేరే మార్కెట్ల మాట కూడా చెప్తాను, ఆశ పెట్టడానికి కాదు, ఉన్నది ఉన్నట్టు. 2024-25లో మన దేశం 7.41 లక్షల టన్నుల ఫ్రోజెన్ రొయ్య ఎగుమతి చేసింది. అందులో 3.11 లక్షల టన్నులు అమెరికాకే. ఆ రొయ్యలో ఎక్కువ భాగం మన ఆంధ్రది. సుంకాల వల్ల 25 వేల కోట్ల నష్టం, సగం ఆర్డర్లు రద్దు అని మన ముఖ్యమంత్రి సెప్టెంబర్‌లో కేంద్రానికి రాశారు. ఆ మూడు లక్షల టన్నులకి చోటు ఒక్క ఏడాదిలో దొరకదు. యూరప్ ఈ సెప్టెంబర్‌లో కొత్తగా 102 ప్లాంట్లకి అనుమతిచ్చింది, మంచిదే. కానీ యాంటీబయాటిక్ అవశేషాల భయంతో మన సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లని 2016 నుంచీ అక్కడ పరీక్ష చేస్తున్నారు. బ్రిటన్‌తో 2025 జూలై 24న వాణిజ్య ఒప్పందం మీద సంతకమైంది, ఈ అక్టోబర్ నాటికి అమల్లోకి రాలేదు.

యూరప్ తలుపు పూర్తిగా తెరుచుకోవడం చాలావరకు మన చేతిలోనే ఉంది. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ దగ్గర్నుంచి చెరువు దాకా నిషేధించిన మందు వాడకుండా ఉంటే పరీక్షలు తగ్గించమని అడిగే హక్కు మనకొస్తుంది. సుంకాన్ని మనం మార్చలేం, ఇది మార్చగలం.

అశ్వారావుపేట గెలలు | 6 అక్టోబర్

సుజాత గారి పోస్టు చదివాక నా మాట కొంచెం విప్పి చెప్పాలనిపించింది. సుంకం ఉండాలనే ఇప్పటికీ అంటాను. కానీ ఏడాదిలో సున్నా, 20, 10 అని ఊగిసలాడే సుంకం కంచె కాదు. పాతికేళ్ల పంట పామాయిల్. 27.5 చూసి మొక్క నాటినవాడికి కాపు వచ్చేనాటికి ఎంతుంటుందో ఢిల్లీలో ఎవరైనా చెప్పగలరా? అమెరికాని తిడుతున్నాం గానీ, రైతుకి చెప్పకుండా రాత్రికి రాత్రి నోటిఫికేషన్ ఇవ్వడంలో మన వాళ్లూ తక్కువ కాదు.

ఎకనామిక్స్ మాస్టారు | 6 అక్టోబర్

ఇక్కడ మనందరికీ ఒక ఉమ్మడి కోరిక కనిపిస్తోంది. పామాయిల్ రైతుకి సుంకం కావాలి, రొయ్య రైతుకి సోయా మీద వద్దు, పత్తి రైతుకి కావాలి, మిల్లుకి వద్దు. ఈ తగువు ఇక్కడ తేలదు. కానీ విత్తనం వేశాక ఆ పంట అమ్ముడయ్యేదాకా దిగుమతి సుంకం మార్చకూడదన్న నియమం మన ప్రభుత్వం తనకి తాను పెట్టుకోవచ్చు. దానికి ఏ దేశం అనుమతీ అక్కర్లేదు. పత్తి సుంకం తీసేయాలంటే మే నెలలో చెప్పాలి, అప్పుడు రైతు కంది వేసుకుంటాడు. బయటి సుంకం వల్ల మిల్లు దెబ్బతింటే మిల్లుకి నేరుగా ఖజానా నుంచి సాయం చేయాలి. పత్తి రైతు ధరలోంచి తీసి మిల్లుకి ఇవ్వడం అన్యాయం.

మీ మీ రైతు సంఘాల్లో ఈ ఒక్క మాట పెట్టి చూడండి. పంటలు వేరైనా ఇందులో ఎవరికీ ఎవరితోనూ పోటీ లేదు.

ఆదిలాబాద్ పత్తి | 7 అక్టోబర్

గీ మాట బాగుంది మాస్టారూ. మా మండలం మీటింగ్‌ల పెడ్త. అర్జీ తెలుగుల రాసి ఇస్తే ఇంక మంచిగుంటది.

ఎగుమతి లెక్కలు | 22 అక్టోబర్

చిన్న కబురు. తల తీసిన, పొట్టు ఒలవని రొయ్యని మన దగ్గర్నుంచి తీసుకోవడానికి ఆస్ట్రేలియా అనుమతి ఇచ్చినట్టు నిన్న మంత్రి లోకేశ్ ప్రకటించారు. వైట్ స్పాట్ జబ్బు భయంతో మూసి ఉంచిన తలుపు ఇది. అమెరికాతో పోలిస్తే చిన్న మార్కెట్. వ్యాధి లేని సరుకని నిరూపించే కాగితాలు గట్టిగా ఉండాలి.

ఉండి రైతు | 23 అక్టోబర్

అందరికీ కృతజ్ఞతలండి. వచ్చే పంటకి నేను అనుకుంటున్నది ఇది. లీజు చెరువులు ఈసారి వదిలేస్తున్నాను. సొంత చెరువుల్లో సీడ్ పలచగా వేస్తాను. 30 కౌంట్ దాకా పెంచాలన్న ఆశ పెట్టుకోకుండా 60, 70 కౌంట్‌లో ఒకసారి కొంత తీసి రేటు చూస్తాను. ప్రతి మందు బిల్లూ, హేచరీ కాగితం దాచిపెడతాను, యూరప్ సరుకు కొనే ప్లాంటు అడిగితే చూపించడానికి. లీజు చెరువుల మీద పనిచేసే ఇద్దరు కుర్రాళ్లకి ఏం చెప్పాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

మాస్టారూ, అర్జీ ముసాయిదా మీరు రాయండి. అందులో పీలింగ్ షెడ్ కూలీల రోజుల లెక్క కూడా చేర్చాలి. సుజాత గారూ, మీ అమ్మగారితో పనిచేసేవాళ్లకి ఆగస్టులో ఎన్ని రోజులు పని దొరికింది, అక్టోబర్‌లో ఎన్ని రోజులు దొరికింది కనుక్కుని ఇక్కడ రాయగలరా? పేర్లు అక్కర్లేదు.

కాకినాడ సుజాత | 23 అక్టోబర్

ఆదివారం షెడ్డు సెలవు. అందరినీ అడిగి రాస్తానండి.